ఒక సంఖ్య కొఱకు

గత జూన్ నెలలో మా పాఠశాల ప్రవేశ పట్టికను కంప్యూటరునకు ఎక్కించు పని నాకు లభించినది. తెలుగు మాధ్యమమున ఏ తరగతిలో ఎందఱున్నారో తెలియనిదే పాఠ్యపుస్తకములకు జాబు వ్రాయుటకు వీలులేదు. మన లిపిలోని పుస్తకములు మా ఊరి అంగళ్లలో దొరకవు గదా!

పేర్లన్నియు ఎస్‌క్యూలైట్ డేటాబేసులో చేర్చి, పైథాన్ భాషలో చిన్న ప్రోగ్రాము వ్రాసితిని. ప్రతి తరగతికిని "తెలుగు విద్యార్థుల సంఖ్య యెంత?" అని, ఎస్‌క్యూఎల్ భాషలోని కౌంట్ అను పదముతో ప్రశ్న కూర్చితిని. ఫెచ్‌వన్ అను ఆజ్ఞ జవాబు తెచ్చినది. దానిలో ఏమున్నదో చూడక, "జవాబున్నచో తరగతి నడుచుచున్నట్లే" అని ప్రోగ్రామునకు చెప్పితిని. ఆఱు మొదలు పది వఱకు తరగతులన్నియు నడుచుచున్నవని అది పలికెను. సంతోషముతో మాస్టరుగారికి చూపితిని. వారు కండ్లద్దములు సవరించుకొని, "అబ్బాయీ, ఆఱవ తరగతిలో ఈ యేడు తెలుగున ఒక్కరును చేరలేదే!" అనిరి.

సిగ్గుతో జవాబును తెరమీద అచ్చు వేయించి చూచితిని. అది ఉత్త సున్న కాదు. బ్రాకెట్ల నడుమ ఒక సున్న, ప్రక్కన ఒక కామా.

1970లో ఇ. ఎఫ్. కాడ్ అను శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించిన విధానములో, పట్టికను ప్రశ్నించినచో వచ్చు జవాబును పట్టికయే. కావలసినది ఒక్క సంఖ్యయే యైనను, అది ఒక వరుస, ఒక గడి గల పట్టికగా వచ్చును. పోకచెక్క యొక్కటి యడిగిన అతిథికి తాంబూలపు పళ్లెరమే తెచ్చు ఇల్లాలివంటి దీ పద్ధతి! ఫెచ్‌వన్ ఒక వరుసను మాత్రమే చేతికిచ్చును. అందలి గడిని మనమే తీసికొనవలెను. పైథాన్‌లో గడుల లెక్క సున్నతో మొదలగును గనుక, జవాబు ప్రక్కన చదరపు బ్రాకెట్లలో 0 అని వ్రాసిన చాలును. నేనది వ్రాయలేదు. గడి యున్న వరుసను, అందు సున్నయే యున్నను, పైథాన్ "ఉన్నది" అనియే యెంచును. ఒక్కరును లేకున్నను ఇట్టి కౌంట్ ప్రశ్నకు వరుస రాకమానదు. పేరు చెప్పి ఒకరి ప్రవేశసంఖ్య నడిగినప్పుడు సంగతి వేఱు: ఆ పేరు లేనిచో వరుసయే రాదు, నన్ అనునది వచ్చును; అందు గడి వెదకబోయిన ప్రోగ్రాము ఆగిపోవును.

దిద్దుటకు నిమిషము పట్టలేదు. ఆఱవ తరగతికి ఎదురుగా 0 నిలిచెను. మాస్టరుగారు చాలసేపు దానినే చూచి, గొడుగు తీసికొని లేచిరి. ఐదవ తరగతి ముగించిన పిల్లల యిండ్లకు ఆ సాయంకాలమే ఇరువురమును బయలుదేరితిమి. కొందఱు తలిదండ్రులు వినిరి, కొందఱు వినలేదు.

మూడు వారముల పిమ్మట అదే ప్రశ్న మరల వేసి, వరుసనుండి గడి తీసి చూచితిని. 4.