గొంతు మారిన పాట

2010 జూలై నుంచి నెలకో పాట చొప్పున ఇండియన్ ఓషన్ బ్యాండు తన కొత్త ఆల్బంను ఇంటర్నెట్టులో ఉచితంగా విడుదల చేస్తూ వచ్చింది. ఆల్బం పేరు '16/330 ఖజూర్ రోడ్'. ఢిల్లీ కరోల్‌బాగ్‌లో వాళ్ళు ఏళ్ళ తరబడి రిహార్సల్సు చేసుకున్న పాత ఇంటి చిరునామా అది. అప్పట్లో నేను హైదరాబాదు విద్యానగర్‌లో అద్దె గదిలో ఉండేవాణ్ణి. కంప్యూటరుకు డేటా కార్డు తగిలించి, రాత్రి బాగా పొద్దుపోయాక, నెట్ వేగం కాస్త పుంజుకునే వేళకు డౌన్‌లోడు మొదలుపెట్టేవాణ్ణి. పాట దిగడానికి చాలాసేపు పట్టేది. మధ్యలో లైను తెగితే మళ్ళీ మొదటికి. చివరికి దిగాక ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ముందు గిటారు, తర్వాత తబలా, ఆ వెనకే బ్యాండు గాయకుడు అశీమ్ చక్రవర్తి గొంతు. అప్పటికి ఆయన చనిపోయి ఏడు నెలలు దాటింది.

పోయినవాళ్ళ గొంతు వినడం మనకు కొత్తేమీ కాదు. ఘంటసాల 1974లో వెళ్ళిపోయారు. ఇవాళ్టికీ తెల్లవారుజామున ఏదో ఒక గుడి మైకులో ఆయనే పలుకుతారు. కానీ ఆ పాటల్లో చాలామటుకు ఆయన ఉండగా మనవాళ్ళు విన్నవి, మనకు అప్పగించి వెళ్ళినవి. ఇక్కడ జరుగుతున్నది వేరు. మనిషి లేడని తెలుసు. అయినా వచ్చే నెల ఆయన ఇంకో కొత్త పాట పాడతాడని ఎదురుచూస్తున్నాను. ఆ ఎదురుచూపుకు ఏం పేరు పెట్టాలో అప్పుడు తోచలేదు. దుఃఖమని అనుకోలేకపోయాను, సంతోషం అనడానికి నోరు రాలేదు.

అశీమ్ పోయింది 2009 డిసెంబరు 25న. ఆ నెలలో హైదరాబాదు ఎలా ఉందో అప్పుడు ఇక్కడున్న వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 9వ తేదీ రాత్రి తెలంగాణ రాష్ట్రం గురించి ఒక ప్రకటన, 23న దానిమీద ఇంకో ప్రకటన, రోజూ బందులూ ర్యాలీలూ. ఉస్మానియా దారిలో బస్సులు నడిస్తే నడిచినట్టు. పత్రికల మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అదే వార్త. ఢిల్లీలో ఒక తబలా వాద్యకారుడు గుండె ఆగి చనిపోయాడన్న కబురు నాకు ఒక మిత్రుడి ఫోను ద్వారా తెలిసింది. బయట నినాదాలు వినబడుతుంటే గదిలో కూర్చుని ఆ బ్యాండు పాట 'కందీసా' పెట్టుకున్నాను.

ఆ బ్యాండు గురించి తెలియని వాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పాలి. సుస్మిత్ సేన్ గిటారు, అశీమ్ తబలా, గొంతు: ఈ ఇద్దరి స్నేహం నుంచి 1990లో ఢిల్లీలో పుట్టిన బృందం ఇండియన్ ఓషన్. మరుసటి ఏడు రాహుల్ రామ్ బేస్ గిటారు పట్టుకుని వచ్చాడు. అమెరికాలోని కార్నెల్‌లో పర్యావరణ విషశాస్త్రంలో డాక్టరేటు చేసి, తిరిగొచ్చి నర్మదా బచావో ఆందోళనలో పనిచేసిన మనిషి ఆయన. 1994లో అమిత్ కిలమ్ అనే కుర్రవాడు డ్రమ్ముల ముందు కూర్చున్నాడు. రాక్ అంటే ఇంగ్లీషు పాటలను ఉన్నవి ఉన్నట్టు వాయించడమే అని కాలేజీలు అనుకునే రోజులవి. వీళ్ళు మాత్రం తబలానూ బేస్ గిటారునూ పక్కపక్కన కూర్చోబెట్టి, సినిమాతో సంబంధం లేకుండా సొంత పాట చేస్తామన్నారు. 1993లో హెచ్‌ఎంవీ మొదటి ఆల్బం వేసింది. రెండోది రావడానికి నాలుగేళ్ళు పట్టింది.

ఆ రెండోదాని కథ నాకు చాలా ఇష్టం. సఫ్దర్ హష్మీ 1989 జనవరి 1న ఢిల్లీ పక్కనే సాహిబాబాద్‌లో కార్మికుల మధ్య వీధి నాటకం ఆడుతుండగా దాడికి గురై మర్నాడు చనిపోయాడు. ఆయన పేరు మీద సహమత్ సంస్థ ఏటా జనవరి 1న సభ జరుపుతుంది. 1997 సభలో ఇండియన్ ఓషన్ పాడింది. స్టూడియో లేదు, తప్పు పోతే మళ్ళీ పాడే వీలు లేదు. ఆ రోజు వేదిక మీద పాడింది పాడినట్టే రికార్డయింది, అదే 'డెజర్ట్ రెయిన్' ఆల్బం అయింది. ఒక కళాకారుడి చావును తలచుకునే చోట ఈ బ్యాండుకు తన అసలు గొంతు దొరికిందన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది. తట్టాక మాత్రం వదల్లేదు.

2000లో టైమ్స్ మ్యూజిక్ 'కందీసా' ఆల్బంను తెచ్చాక దేశమంతా పేరొచ్చింది. తర్వాత అనురాగ్ కశ్యప్ 'బ్లాక్ ఫ్రైడే'కు సంగీతం. సినిమా 2004కే సిద్ధమైనా, 1993 బొంబాయి పేలుళ్ళ కేసు ఇంకా నడుస్తోందని హైకోర్టు విడుదలను ఆపింది. 2007 ఫిబ్రవరిలో గానీ తెర మీదికి రాలేదు. ఈలోగా పీయూష్ మిశ్రా రాసిన 'బందే' పాట తన దారిన తాను హాస్టళ్ళలోకీ క్యాంటీన్లలోకీ పాకిపోయింది. ఆ పాట ఏ సినిమాలోదో తెలియకుండానే పాడుకున్న కుర్రాళ్ళను నేను చూశాను.

ఇన్ని ఆటంకాలు దాటిన బ్యాండు అశీమ్ పోయాక ఆగలేదు. ఆయన చోటుకు ఇద్దరు వచ్చారు. పాడటానికి హిమాంశు జోషి, తబలాకు తుహిన్ చక్రవర్తి. ఈ సంగతి మొదట విన్నప్పుడు నాలో ఏదో అడ్డుపడింది. అశీమ్ వేదిక మీద కాళ్ళు మడిచి కూర్చుని వాయిస్తూనే పాడేవాడు. చేతులు ఒక లెక్కలో నడుస్తుంటే గొంతు ఇంకో లెక్కలో సాగేది. మనిషి ఒక్కడే గనుక ఆ రెండూ ఎక్కడో లోపల కలుసుకునేవి. ఇప్పుడు చేతులు ఒకరివి, గొంతు ఒకరిది. పేరు మాత్రం పాతదే. ఇలా కొనసాగడం నిలబడటమా, లేక పోయినవాడిని తొందరగా సర్దేయడమా? చాలాకాలం ఈ ప్రశ్న నాతో ఉంది.

అది నాకు ఊరికే పుట్టిన ప్రశ్న కాదు. గుంటూరు జిల్లాలో మా ఊళ్ళో ఒక బుర్రకథ దళం ఉండేది. బుర్రకథకుడు నాజర్ గారు పుట్టిన జిల్లా కాబట్టి ఆ రోజుల్లో అక్కడ బుర్రకథంటే ప్రాణం. మేమంతా బాబాయి అని పిలిచే పెద్దాయన కథకుడు. తంబురా భుజాన వేసుకుని, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని ముందుకూ వెనక్కూ అడుగులు వేస్తూ కథ చెప్పేవాడు. ఒక పక్క రాజకీయం చెప్పే వంత, ఇంకో పక్క హాస్యం చెప్పే వంత. ఆ హాస్యపు వంత జబ్బుచేసి పోయాడు. ఆ తర్వాత బాబాయి తంబురా ముట్టలేదు.

"ఈ నవమికైనా కథ చెప్పు బాబాయ్" అని ఒకసారి అడిగాను.

"ఎవడికని చెప్పేదిరా? నేను మాటంటే తందాన అని అందుకునేవాడు పోయాడుగా" అన్నాడు.

ఆ మాటతో నేను పెరిగాను. తోడు పోతే గొంతు మూసుకోవడమే స్నేహధర్మం అనుకున్నాను. అందుకే కాబోలు, ఢిల్లీలో ఐదుగురు మనుషులు అశీమ్ పాటలను వేరే గొంతుతో మోస్తుంటే నా మనసు ఒప్పుకోలేదు. బాబాయిదా, ఆ బ్యాండుదా, ఎవరిది సరైన దారి?

నాకు దారి చూపింది మళ్ళీ ఆ పాటలే. 'కందీసా' వాళ్ళు రాసుకున్నది కాదు. కేరళలోని సిరియన్ క్రైస్తవుల పాత ప్రార్థన అది. అరమాయిక్ కుటుంబానికి చెందిన సిరియాక్ భాషలో ఉంటుంది. ఎక్కడో పశ్చిమాసియాలో పుట్టి, సముద్రం దాటి, మలబారు తీరంలో తరతరాలు పాడుకోగా మిగిలిన ప్రార్థన. ఎన్ని వందల ఏళ్ళలో ఎన్ని గొంతులు దాన్ని అందుకుని ఉంటాయో, ఎన్ని గొంతులు దాన్ని వదిలి వెళ్ళిపోయి ఉంటాయో లెక్క ఎవరూ చెప్పలేరు. ఆ ఆల్బంలోనే 'మా రేవా' ఉంది. నర్మదమ్మను పిలిచే జానపదం. ఆ లోయలో సర్దార్ సరోవర్ ఆనకట్ట నీళ్ళ కింద ఊళ్ళే మునిగాయి. పాట మునగలేదు. ఆందోళన రోజుల్లో అక్కడ తిరిగిన రాహుల్ రామ్ వెంట అది ఢిల్లీకి వచ్చింది.

అంటే, ఏ పాటను అశీమ్ సొంతమని నేను పట్టుకు కూర్చున్నానో ఆ పాటలో ఆయన కూడా ఒకరి తర్వాత వచ్చినవాడే. ఆయనకు ముందు పాడిన వాళ్ళ పేర్లు మనకు తెలియవు, అంతే తేడా. ఇది అర్థమయ్యాక హిమాంశు పాడిన కచేరీ రికార్డింగులను మళ్ళీ విన్నాను. అశీమ్‌లా పాడాలన్న ప్రయత్నం నాకు వాటిలో ఎక్కడా వినబడలేదు. గొంతు బరువు వేరు, విరుపు వేరు. పాత పాటను తనకు వీలైన చోట పట్టుకుని పాడుతున్నాడు. పక్కన తుహిన్ తబలా కూడా తన నడకలో తాను ఉంది. పోయినవాడి చోటు ఖాళీగానే ఉంది. ఆ ఖాళీ చుట్టూ పాట కొత్తగా అమరింది.

2013లో సుస్మిత్ సేన్ కూడా తన సొంత సంగీతం వెతుక్కుంటూ బయటికి నడిచాడు. దాంతో పునాది వేసిన ఇద్దరూ లేని బ్యాండు అయింది. గిటారు నిఖిల్ రావు చేతికి వచ్చింది. చావు చేసిన ఖాళీ వేరు, మనిషి తనంతట తాను వెళ్ళిపోతే మిగిలే ఖాళీ వేరు. రెండోదాన్ని ఓర్చుకోవడమే కష్టమని నాకనిపిస్తుంది, ఎందుకంటే దానికి ఏడ్చే వీలుండదు. మరుసటి ఏడు 'తందాను' వచ్చింది. పాటకో అతిథి: శుభా ముద్గల్, శంకర్ మహదేవన్, విశ్వమోహన్ భట్... దెబ్బ తగిలినప్పుడు తలుపులు మూసుకోవడం మనందరం ఎరిగిన పని. వీళ్ళు అప్పుడు తలుపులు తెరిచి పదిమందిని లోపలికి పిలిచారు. 2015లో 'మసాన్' సినిమాకు చేసిన పాటలు విన్నవాళ్ళకు ఆ బ్యాండులో సత్తువ తగ్గిందని అనిపించి ఉండదు.

మరి బాబాయి ఎందుకు ఆగిపోయాడు? ఆయనకు ధైర్యం లేక అని నేను అనుకోను. బుర్రకథ ప్రాణమంతా ఆ ముగ్గురి మధ్య నడిచే మాటలో ఉంటుంది. ఆ వంత మాట విరిచే తీరు మీదే ఆయన కథ నిలబడి ఉండవచ్చు. ఆ లోటు ఎంతో ఆయనకే తెలుసు. అయితే ఇంకో సంగతి కూడా ఉంది, అది పెద్దయ్యాకే నా కంటికి కనబడింది. అప్పటికే ఊళ్ళో పిలుపులు తగ్గాయి. ఇంటింటికీ టీవీ వచ్చింది. నవమి పందిట్లోకి సినిమా పాటల ఆర్కెస్ట్రా వచ్చింది. కొత్త వంతను తయారుచేసుకుని, నెలల తరబడి సాధన చేసి, గజ్జె కట్టి నిలబడితే ఎదుట కూర్చునేదెవరు? ఇండియన్ ఓషన్‌కు ఆ బెంగ లేకపోయింది. అశీమ్ పోయాక కూడా కాలేజీలు పిలిచాయి, ఊళ్ళు పిలిచాయి, జనం వచ్చి కూర్చున్నారు. పాటలను నెట్టులో ఉచితంగా ఇవ్వగలిగారంటే, కచేరీకి డబ్బిచ్చి వచ్చేవాళ్ళు ఉన్నారన్న నమ్మకంతోనే ఇవ్వగలిగి ఉంటారు.

స్వతంత్రంగా పాడే బృందం కథను మనం ఎప్పుడూ వేదిక మీది మనుషుల పట్టుదల కథగానే చెప్పుకుంటాం. పట్టుదల ఉంది, దాన్ని తక్కువ చేయను. కానీ పాత గొంతును ప్రేమించిన జనం కొత్త గొంతుకు కూడా సమయం ఇవ్వాలి. మొదటి కచేరీలో పోలికలు వెతుకుతారు, రెండోదానికి కాస్త కుదుటపడతారు, ఆ తర్వాత వింటారు. ఆ ఓపిక చూపిన శ్రోతలు లేకపోతే 2009 డిసెంబరుతోనే ఆ పేరు పాతబడి ఉండేది. మన వైపు నుంచి జరగాల్సిన పని ఎంతో ఉందని నాకు తెలిసింది ఇక్కడే.

హైదరాబాదులోనూ విశాఖలోనూ విజయవాడలోనూ సొంత పాట కట్టుకుని పాడే కుర్రాళ్ళు ఇవాళ ఉన్నారు. ఒకడికి ఉద్యోగం వచ్చి అమెరికా వెళ్తాడు, ఒకడి పెళ్ళవుతుంది, ఒకడు అలిగి మానేస్తాడు. మిగిలినవాళ్ళు ఇంకొకరిని వెతుక్కుని మళ్ళీ మొదలుపెడతారు. వాళ్ళలో ఎవరైనా మీ దగ్గర్లో పాడుతున్నారని తెలిస్తే దయచేసి వెళ్ళండి. టిక్కెట్టు పెట్టి ఉంటే కొనుక్కుని వెళ్ళండి. పాత గాయకుడే బాగుండేవాడు అనిపించినా, రెండోసారి కూడా వెళ్ళండి.