కోర్లెన్ని కావలె?

మా పంజగుట్ట యింటికి కంప్యూటరు కొనవలసివచ్చినప్పుడు నాకు గలిగిన యనుభవము మీకును నుపయోగపడునని వ్రాయుచున్నాను.

మా పెద్దమ్మాయి అమీర్‌పేటలో మైత్రీవనము చెంత నొక శిక్షణాలయమున ప్రోగ్రామింగు నేర్చుకొనుచున్నది. మెట్రోలో నొక్క స్టేషను దూరమే. కాని యింట యంత్రము లేక, నేర్చిన పాఠమును మరునాటికి మరచుచుండెను. చీటి పాడి తెచ్చిన 80 వేల రూపాయలు నాయొద్ద నుండెను. అందులోనే ఆమె రెండవ విడత ఫీజును గట్టవలయును.

దుకాణదారుడు మావారితోనే మాటలాడుచు, "పదహారు కోర్లది తీసుకోండి సార్, పదేళ్లదాకా చూసుకోనక్కర్లేదు" అనెను. మావారు తల యూచిరి. ఆ ధర నిచ్చినచో ఫీజునకు మిగులదు. నాకు గుండె ఝల్లుమనెను. "కోరంటే ఏమిటి బాబూ?" అని యడిగితిని. అతడు నవ్వి, "ఎక్కువుంటే స్పీడెక్కువమ్మా" అనెను. ఆ సమాధానము నాకు చాలలేదు. ఏమియు గొనక యింటికి వచ్చితిమి.

ఆ రాత్రి అమ్మాయి నాకు బోధించినది. లెక్కలు గట్టునది ప్రాసెసరు. అందు విడివిడిగా పనిచేయగల భాగములే కోర్లు. పూర్వ మొక్కటియే యుండెడిది. దాని వేగమును బెంచుచు బోగా వేడి భరింపరానిదాయెను. కావున 2005లో ఇంటెల్, ఎ.ఎం.డి. సంస్థలు ఇంటి కంప్యూటరులకు రెండు కోర్ల ప్రాసెసరులను దెచ్చినవి. అయితే పంచుకొనరాని పనియే వేగమునకు హద్దని 1967లోనే జీన్ ఆమ్‌డాల్ చెప్పియుండెను.

ఇది మనకు దెలియని సంగతియా? ఆవకాయకు కాయలు కొట్టుటకు నలుగురు కూడిన త్వరగా నగును; పదుగురు కూడినను మూడవనాటి యూట మొదటినాడే రాదు.

గంట పనిలో 20 నిమిషములది పంచరానిదనుకొందము. మిగిలిన 40 నిమిషముల పనిని నాలుగు కోర్లు సమముగా పంచుకొన్నచో మొత్తము 30 నిమిషములు పట్టును, ఎనిమిదైన 25, పదునారైన 22½. మరి యెనిమిది కోర్లకు ధర నిచ్చి మనము మిగుల్చుకొనునది రెండున్నర నిమిషములు! వీడియోలు కూర్చువారికి పంచుకొనదగిన పని హెచ్చు గనుక పదునారును సార్థకమే.

మరునాడు అమ్మాయి స్నేహితురాలి నాలుగు కోర్ల యంత్రమున పాఠము నడిపించి, టాస్క్ మేనేజరు తెరచి చూచితిమి. కోర్ల గీతలు చాలసేపు నేలనంటియే యుండెను. మెమొరీ మాత్రము నిండిపోయెను. ఆలస్యమునకు కారణ మదియే. వంటవారికి కొదువ లేదు, వంటగట్టే చాలలేదు!

మరల దుకాణమునకు బోతిమి. 2021లో వచ్చిన ఇంటెల్ 12వ తరము మొదలుగా పెక్కు ప్రాసెసరులలో బలమైనవి, తేలికవి యని రెండు తెగల కోర్లున్నవని యప్పటికి దెలిసికొంటిని. "ఎనిమిదింటిలో బలమైనవెన్ని?" అని యడుగగా, దుకాణదారు డీమారు నావైపు దిరిగి చెప్పెను. ఎనిమిది కోర్లు, 16 జీబీ మెమొరీ, 512 జీబీ ఎస్.ఎస్.డి. గలదానిని గొంటిమి. తిరిగివచ్చుచు అమీర్‌పేటలో దిగి ఫీజు గట్టితిమి.

కాబట్టి దుకాణమెక్కుటకు ముందు మీ యింట నా యంత్రము చేయవలసిన పని యేదియో చూచుకొనుడు. తెలియనిదాని నడుగుటకు సిగ్గుపడకుడు. ఇది వ్రాయుచుండగా ప్రక్కగదిలో మా యమ్మాయి మీటలు నొక్కు చప్పుడు వినవచ్చుచున్నది. పొద్దుపోయినను నిద్రపొమ్మనుటకు నాకు మనసొప్పుట లేదు.