నాన్నగారి కొలత

బేర్ సరాయ్‌లో నివాసమేర్పరచుకున్న నాటి నుండి ఆదివారం ఉదయం తుగ్లకాబాద్‌లోని డాక్టర్ కర్ణీసింగ్ షూటింగ్ రేంజికి వెళ్ళడం నాకు అలవాటు. 1982 ఆసియా క్రీడల కోసం నిర్మించిన ఆ రేంజిలో నేను వాడేది నాన్నగారి అనంతరం నా పేర లైసెన్సు పొంది ఉంచుకున్న పాయింట్ 22 బోల్ట్ యాక్షన్ రైఫిల్.

గత వర్షాకాలంలో 50 మీటర్ల లక్ష్యంపై గుండ్లు ఒక ప్రక్కకు జరగసాగాయి. కళ్ళను అనుమానించాను, తూటాలు మార్చాను. చివరకు గొట్టానికీ, దానిని మోసే కర్రకూ నడుమ కాగితం దూర్చబోతే దూరలేదు. తేమకు ఉబ్బిన అక్రోటు కర్ర గొట్టాన్ని నెడుతున్నదన్నమాట. వెనుక మర చెంత సన్నని పగులు కూడా కనిపించింది.

కర్ర మార్చక తప్పలేదు. మళ్ళీ అక్రోటు అంటే మళ్ళీ తేమతో తగవే. చవకరకం ప్లాస్టిక్ అయితే మోచేతి పట్టీ బిగించినపుడు వంగి గొట్టానికి తగులుతుంది. పలుచని చెక్క పొరలను జిగురుతో అదిమి చేసిన లామినేట్ బరువెక్కువైనా నిలకడగలది. దానినే ఎంచుకున్నాను. లైసెన్సు గల మరమ్మతుదారు మరలు దిగే రంధ్రాలలో అల్యూమినియం తొడుగులు నిలిపి, ఎపాక్సీతో తుపాకీ కూర్చునే చోటును సరిచేశారు.

అసలు పాఠం కొలతల వద్ద నేర్చుకున్నాను. పాత కర్ర ఆజానుబాహువైన నాన్నగారికి తగినది. నాకు అంగుళం పొడవు. యంత్రాల అమరికలో వెంట్రుకవాసి తేడాను సహించని నేను, ఇరవై ఏళ్ళుగా మెడ సాచి ఆయన కొలతకు ఒదుగుతూ, అది భక్తి అనుకున్నాను.

ఇప్పుడు చెంప సహజంగా ఆనుతున్నది. గుండ్లు మళ్ళీ ఒకచోట చేరుతున్నవి. పాత కర్రకు అవిసె నూనె పట్టించి అలమరలో భద్రపరచాను. ఆయన చెంప ఆని నునుపెక్కిన చోటును అప్పుడప్పుడు తడిమి చూస్తుంటాను.