అమ్మ చేతులు

మా తండ్రిగారు ప్రభువునందు నిద్రించిన నాటికి ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటైనా లేదు. అందుకే అమ్మనైనా పానగల్ నుండి నల్లగొండ స్టూడియోకు తీసుకొనిపోవాలని నిశ్చయించుకొన్నాము. పట్టుచీర, కోడలి గొలుసు సిద్ధపరచాము. నాట్లు వేసి పగిలిన చేతులు కనబడకుండా కొంగు కప్పుకొమ్మన్నాము.

"ఈ చేతులతోనే గద కొడుకా, మిమ్ముల సాదిన" అన్నది అమ్మ. మేము తలవంచుకొన్నాము.

పరదా స్త్రీలు సంకోచపడకుండా ఫోటో దిగుటకు రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో ప్రత్యేక స్టూడియో తెరచి, ఒక ఆంగ్ల వనితకు అప్పగించాడు. మా అమ్మకు ఏ సంకోచమూ లేదు, సిగ్గుపడినది మేమే.

నేతచీరలోనే, చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. నేడు ఆ పటములో మేము మొదట చూచేది ఆ చేతులనే.