జెంటూలు

కిందటి నెల పిల్లలను సెయింట్ లూయిస్ జూకు తీసుకొని వెళ్ళాము. పెంగ్విన్లలో ఒక జాతి పేరు జెంటూ. తలమీద తెల్లని పట్టీ ఉంటుంది. తొమ్మిదేళ్ళ మా అమ్మాయి "జెంటూ అంటే ఏమిటి నాన్నా?" అన్నది. "ఒకప్పుడు మనమేనే!" అన్నాము. నమ్మలేదు.

ఇంటికి వచ్చాక హాబ్సన్-జాబ్సన్ తీసి చూపించాము. యూల్, బర్నెల్ దొరలు కూర్చగా 1886లో అచ్చయిన నిఘంటువు అది. పోర్చుగీసువారు హిందువులను "జెంటియో" అన్నారట. తెలుగు బైబిలులో "అన్యజనులు" అంటారే, ఆ అర్థమే. ముస్లిములేమో "మూర్లు". ఆ రెండు ముక్కలతో దేశమంతా సరిపెట్టారు! ఇంగ్లీషువారు దానిని "జెంటూ" చేసి హిందువులందరికీ వాడారు. 1776లో హాల్‌హెడ్ అచ్చువేసిన హిందూ ధర్మశాస్త్రం పేరు "ఎ కోడ్ ఆఫ్ జెంటూ లాస్". మద్రాసులో మాత్రం ఆ మాటను ప్రత్యేకించి తెలుగువారికీ, తెలుగు భాషకూ అంటగట్టారు. 1816లో వచ్చిన కేంబెల్ దొర వ్యాకరణం పేరులోనే, తెలుగును సామాన్యంగా జెంటూ అంటారని ఉన్నది. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని ఎల్లిస్ దొర వాదించినది కూడా ఆ పుస్తకంలోనే. పేరు తప్పినా పని మంచిదే చేశారు.

మతం పేరు భాషకు పెట్టడమేమిటని మాకు కోపం వచ్చింది. రోగులు "మీరు ఇంట్లో హిందూ మాట్లాడతారా?" అని అడిగినప్పుడు వచ్చే కోపమే. అయితే మా ఊళ్ళో ఉర్దూను ఏమనేవాళ్ళం? తురకం అనేవాళ్ళం. ఆ కాలపు ఇంగ్లీషువారూ హిందుస్తానీని "మూర్స్" అనేవారు. తేడా ఏమున్నది?

ఈ కథ మాతో పనిచేసే గుంటూరు డాక్టరుగారికి చెప్పాము. ఆయన ముస్లిం. "ఆ లెక్కన నేను మూరుని. మరి ఇంతకాలం మీతో మాట్లాడుతున్న భాష ఏమిటండీ డాక్టరుగారూ?" అని నవ్వారు. మేమూ నవ్వాము కాని, సగంలో ఆగిపోయాము. కిందటి ఉగాదికి పిలవవలసినవారి జాబితా రాసినది మేమే. నలభై కుటుంబాలు. రోజూ మాతో తెలుగులో మాట్లాడే ఈయన పేరు అందులో లేదు. మరిచిపోయామని కాదు, అసలు తట్టనేలేదు. కమిటీలో ఎవరూ అడగనూ లేదు.

ఈ ఏడు కూడా జాబితా మా చేతికే వచ్చింది. మొన్న రాత్రి ఆయనకు ఫోను చేసి, కుటుంబంతో రమ్మన్నాము. "తప్పకుండా వస్తామండీ" అన్నారు. ఒక క్షణం ఆగి, "పోయిన ఏడు కూడా చేశారా?" అని అడిగారు.

చేశామనే చెప్పాము.