బ్యాంకు గోడలు చెప్పిన సంగతి

బ్యాంకు అనగానే మనకు పాసుబుక్కు, కౌంటరు ముందు వరుస గుర్తుకొస్తాయి. జపాను దేశములోని హిరోషిమా పట్టణములో మేము చూసిన ఒక పాత బ్యాంకు మాత్రం వేరే సంగతి గుర్తుచేసింది.

ఫుకురోమాచిలో ట్రాము దిగగానే ఆ మేడ కనబడుతుంది. మన రిజర్వు బ్యాంకు వంటిదైన బ్యాంక్ ఆఫ్ జపాన్ తన శాఖ కొరకు 1936లో దానిని కట్టించింది. ఆ కాలములో బ్యాంకు మేడను చూడగానే "ఇక్కడ మన సొమ్ము భద్రం" అనే నమ్మకం కలగాలనుకునేవారు. అందుకే యూరపు పద్ధతిలో ఎత్తైన స్తంభాలు, దళసరి కాంక్రీటు గోడలు, కిటికీలకు ఇనుప షట్టర్లు, నేల క్రింద ఖజానా గది ఏర్పరచారు.

1945 ఆగస్టు 6 ఉదయం 8.15 గంటలకు అణుబాంబు పేలింది. ఆ చోటికి ఈ మేడ 380 మీటర్ల దూరమే. చుట్టూ ఊరు నేలమట్టమైనా ఇది నిలిచింది. క్రింది రెండు అంతస్తుల షట్టర్లు ఇంకా మూసి ఉన్నందున లోపల అంతగా కాలలేదు. షట్టర్లు తెరిచిన మూడవ అంతస్తు కాలిపోయింది. గోడలు నిలిచినా లోపలివారిలో చాలామంది చనిపోయారు.

అయినా రెండు రోజులకే, ఆగస్టు 8న, అక్కడ బ్యాంకు పని మొదలైంది. చోటు పోయిన ఇతర బ్యాంకులకు కూడ అక్కడే తావిచ్చారు. పైకప్పు పగిలి ఆకాశం కనబడేదట. వాన పడితే గొడుగు పట్టుకొని పనిచేశారట. సర్వం పోయిన కుటుంబాలకు ఆ కాస్త సొమ్మే ఆధారం.

ఆ పట్టణములోనే సుమిటోమో బ్యాంకు మెట్లమీద, తలుపు ఎప్పుడు తీస్తారా అని ఒకరు కూర్చొని ఉన్నారు. ఆ వేడికి చుట్టూ రాయి తెల్లబారింది; కూర్చున్న చోటు మాత్రం నీడలా నల్లగా మిగిలింది. ఆ మెట్లను 1971లో శాంతి స్మారక మ్యూజియమునకు చేర్చారు. వాటి ఎదుట మాకు మాట రాలేదు.

బ్యాంక్ ఆఫ్ జపాన్ శాఖ 1992లో వేరే చోటికి వెళ్లింది. 2000లో నగరపాలకులు ఈ మేడను చారిత్రక కట్టడముగా గుర్తించి, చిత్రకళా ప్రదర్శనలకు తెరిచారు. మేము ఖజానా గదిలోనికి కూడ దిగి చూశాము. తలుపు ఎంతో దళసరి. లోపల సొమ్ము లేదు.

సొమ్మును కాచేందుకు మనిషి ఎంత గట్టి గోడ కట్టాడు! మెట్లమీద కూర్చున్న ప్రాణమును కాచే గోడ మాత్రం కట్టలేకపోయాడు. ఇంటికి వచ్చాక పిల్లలకు మేము ముందుగా చెప్పింది ఆ నీడను గురించే.