మామయ్యగారి బండి, నా పద్దుల పుస్తకం

పోయిన వేసవిలో ఇన్సూరెన్స్ కాగితం కోసం బండి డాష్‌బోర్డు అర తెరిచాను. దాని కింద నాలుగు మడతలు పెట్టిన బిల్లు ఒకటి దొరికింది. టర్బో రిపేరు, 24,000 రూపాయలు. ఆ నెల మావారు నాకు చెప్పింది తొమ్మిది వేలు. నా పద్దుల పుస్తకంలో "బండికి 9,000" అని నా చేత్తో నేనే రాసుకున్నాను.

పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. పాల లెక్క, చీటీ డబ్బులు, పిల్లల ఫీజులు అన్నీ ఆ పుస్తకంలోనే ఉంటాయి. అందులో అబద్ధం చేరడం, నాకు తెలిసినంతలో, అదే మొదటిసారి. బిల్లు తీసినచోటే పెట్టేశాను. ఆయన్ని అడగలేదు. అడిగితే ఏం చెబుతారోనన్న భయమో, ఇంకెన్ని బయటపడతాయోనన్న భయమో, ఇప్పటికీ తెలియదు.

ఆ బండి 2010 డిసెంబరులో మా మామయ్యగారు కొన్నది. ఏడు సీట్ల పెద్ద డీజిల్ బండి. ఏ కంపెనీదో ఎందుకులెండి, ఆ వయసుకి ఏ బండైనా ఒకటే. ఆయన పోయి ఆరేళ్ళయింది. బండి మాత్రం రెండు లక్షల కిలోమీటర్లు దాటేసి, మా కాకినాడ ఇంటి ముందు సందులో సగం ఆక్రమించుకుని ఉంది. అమ్మేద్దామని నేను రెండు మూడుసార్లు అన్నాను. అన్నప్పుడల్లా మావారు టీవీ సౌండు పెంచేవారు.

కార్తీక మాసంలో అన్నవరం బయల్దేరాం. వెనక సీట్లో నేను, అమ్మాయి. ముందు అత్తయ్య. కత్తిపూడి దాటకముందే మీటర్లో ముల్లు ఎర్ర గీత దాటింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి. బండి పక్కకి ఆపి మావారు గబగబా దిగి, గుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోయారు. "ఏమండీ, ముట్టుకోకండి!" అని అరిచాను. కుక్కర్ ఆవిరి పోకుండా మూత తీస్తే ఏమవుతుందో వంటింట్లో ఉండేదాన్ని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా. లోపల మరిగే నీళ్ళు ఒత్తిడి మీద ఉంటాయి, మూత తీస్తే మొహం మీదకే కొడతాయి. ముప్పావుగంట చెట్టు కింద కూర్చున్నాం.

దగ్గర్లో ఉన్న మా ఆడపడుచు వాళ్ళు చిన్న కారు పంపారు. అత్తయ్య అందులో ఎలాగో కూర్చున్నారు కానీ, కొండ మీద దిగలేకపోయారు. సీటు కిందకి ఉంటుంది, ఆవిడ మోకాళ్ళు లేవనివ్వవు. ఇద్దరం చెరో చెయ్యీ పట్టి లాగితే ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మన బండిలో అయితే జారి దిగిపోతానే," అన్నారు. నిజమే. ఆవిడ కోసమే మామయ్యగారు పక్కన మెట్టు, లోపల పట్టుకోడానికి పిడి పెట్టించారు. ఆ మెట్టెక్కి, వెనక్కి తిరిగి కూర్చుని, కాళ్ళు లోపలికి తిప్పుకుంటారు. దిగేటప్పుడు అలాగే కిందకి జారతారు. పదిహేనేళ్ళుగా చూస్తున్నా, అదెందుకో నేను ఆలోచించలేదు.

ఆ రాత్రి పద్దుల పుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టి, "టర్బో ఎంతయింది?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. లేచివెళ్ళి ఆఫీసు బ్యాగు అడుగునుంచి ఒక కవరు తెచ్చారు. రెండేళ్ళ బిల్లులు.

"ఎందుకు దాచారు?"

"నువ్వు అమ్మేయమంటావని."

అన్నమాట తప్పు కాదు. అనేదాన్నే.

ఇద్దరం కూర్చుని వరసగా రాశాం. టైమింగ్ బెల్ట్, దానితోపాటు వాటర్ పంపు 14,500. క్లచ్ సెట్ 19,000. ముందు షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు, బాల్ జాయింట్లు 27,500. టర్బో 24,000. ఇంజెక్టర్లు 18,000. ఏసీ కూలింగ్ కాయిల్ 13,000. నాలుగు టైర్లు 36,000. బ్యాటరీ 8,000. ఆయిల్ సర్వీసులు, చిల్లర పనులు 20,000. మర్నాడు కొత్త రేడియేటర్, గొట్టాలకి అయిన 12,000 కూడా కలిపితే మొత్తం 1,92,000. బండిని అడిగినవాళ్ళు ఇస్తామన్నది 2,10,000. దాదాపు బండి ఖరీదంతా బండికే పెట్టాం!

అమ్మేయాలనే అనిపించింది. కానీ ఇంకో లెక్క కూడా వేశాను. 1,92,000 ని ఇరవై నాలుగు నెలలకి పంచితే నెలకి 8,000. ఇలాంటి కొత్త బండికి 15 లక్షలు అప్పు తీసుకుంటే, 9 శాతం వడ్డీకి, ఏడేళ్ళపాటు నెలకి 24,000 పైనే కట్టాలి. అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు కడుతూ అది మావల్ల కాదు. చిన్న కారైతే అత్తయ్య ఎక్కలేరు.

అయితే మరమ్మతులన్నీ ఒకటి కాదని రేడియేటర్ వేయించేటప్పుడు షెడ్డులో తెలిసింది. ఈసారి నేనూ వెళ్ళాను. మెకానిక్ ముందు కాస్త ఇబ్బంది పడ్డాడు, తర్వాత చక్కగా విడమరిచి చెప్పాడు. టైర్లు, బ్యాటరీ, క్లచ్, బుష్‌లు అరిగేవి. ఏ బండికైనా మార్చాల్సిందే, మారిస్తే మళ్ళీ కొన్నేళ్ళు చూడక్కర్లేదు. టైమింగ్ బెల్ట్ తెగేదాకా ఆగకూడదు. మా ఇంజిన్‌లో అది తెగితే లోపల వాల్వులు, పిస్టన్లు కొట్టుకుని లక్ష పైమాటేనట. ఇక మూడో రకం మన చేతులారా తెచ్చుకునేది. కూలెంట్ తగ్గినప్పుడల్లా మావారు బోరు నీళ్ళు పోశారు. ఆ ఉప్పునీళ్ళకి లోపల పొర కట్టి, తుప్పు పట్టి రేడియేటర్ పూడిపోయింది. మన గీజర్‌లో కట్టే పొరలాంటిదే. మొదట్లోనే కారే గొట్టం మార్చి, సరైన కూలెంట్ పోసి ఉంటే ఆ పన్నెండు వేలలో చాలామటుకు మిగిలేది.

"అమ్మా, వీటన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇది," అని గుంతలోకి దిగి ఛాసిస్ మీద సుత్తితో తట్టాడు. సముద్రం దగ్గర ఊళ్ళలో ఉప్పుగాలికి అడుగు తినేస్తుందట. అది పోతే పైన ఎంత పెట్టినా దండగే. మాది ఖంగుమంది. పైపైన తుప్పు గీకించి రంగు వేయించాం.

డిసెంబరులో పదిహేనేళ్ళు నిండాయి. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది, ముందు 600 ఉండేది. గ్రీన్ టాక్స్ వేరే. ఆర్టీఓ ఆఫీసులో బండి చూపించాం, ఇంకో ఐదేళ్ళకి ఇచ్చారు. అలాగని ఐదేళ్ళూ ఉంచుతామని కాదు. ఇంజిన్ విప్పాల్సి వచ్చినా, ఛాసిస్ పాడైనా, బ్రేకుల మీద అనుమానం తీరకపోయినా అమ్మేయాలని ఇద్దరం ఒప్పుకున్నాం. అప్పటిదాకా నెలకి ఎనిమిది వేలు విడిగా బ్యాంకులో వేస్తున్నాం. రాసేటప్పుడు ఆయన అడ్డు చెప్పలేదు, టీవీ సౌండూ పెంచలేదు.

నాకు డ్రైవింగ్ రాదు. అయినా వెనక సీట్లో కూర్చునేవాళ్ళకి ముందు వినిపించేవి కొన్ని ఉంటాయి. గతుకుల్లో టకటక, ఎత్తు ఎక్కేటప్పుడు కాలిన వాసన, వెనక అద్దంలో నల్లపొగ, ఇంటి ముందు నేల మీద పచ్చటి చుక్క. ఇదివరకు "మగవాళ్ళ వ్యవహారం" అని ఊరుకునేదాన్ని. ఇప్పుడు పొద్దున ముగ్గు వేసేటప్పుడు బండి కిందకి ఓసారి వంగి చూస్తాను.

నిన్న పద్దుల పుస్తకం తీస్తే ఆయన చేతిరాతతో ఒక వరస ఉంది. "వైపర్ బ్లేడ్లు – 650". కింద బిల్లు పిన్ను పెట్టి ఉంది.